తాబేలు పిల్లల ‘స్టార్టర్ కిట్టు’: పెట్టెలో ఉన్నవీ, ఉండవలసినవీ

తాబేళ్లను కొత్తగా పెంచేవారి కోసం తయారైన ఒక స్టార్టర్ కిట్టు, ‘కావలసినవన్నీ ఈ ఒక్క పెట్టెలోనే’ అన్న హామీతో, మా దగ్గరి బంధువుల ఇంటికి ఒక ఎర్రచెవి తాబేలు (రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే నీటి తాబేలు) పిల్లతో పాటు వచ్చింది. నేను చాలా ఏళ్లుగా నీటి తాబేళ్లను పెంచుతున్నాను కనుక దాన్ని విప్పి, అమర్చి, కొంతకాలం వాడి చూసే పని నాకు అప్పగించారు. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే మూసలో, ఇంచుమించు ఇవే వస్తువులతో, వేరువేరు పేర్లు అచ్చు వేసుకున్న కిట్లు ఎన్నో దొరుకుతున్నాయి కాబట్టి ఒక్కరిని వేలెత్తి చూపడం వల్ల ప్రయోజనం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ కిట్టును దుకాణంలో కనిపించే అరచేతి పిల్లను చూసి కొలిచి చేశారు తప్ప, ముప్పై ఏళ్లు బతికి పళ్లెమంత పెరిగే జంతువును దృష్టిలో పెట్టుకొని చేయలేదు. అందులోని ప్రతి వస్తువులోనూ ఈ లోపమే బయటపడుతుంది.

మొదట తొట్టి సంగతి. పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేసిన ఈ తొట్టి పొడవు 30 సెంటీమీటర్లు. మధ్యలో ఒక చిన్న దిమ్మె, దాని మీదికి ఎక్కడానికి ఏటవాలు మెట్టు, దిమ్మె మీద ఒక ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్నాయి. అంచుదాకా నింపినా ఆరు లీటర్లకు మించి నీరు పట్టదు. నీటి తాబేళ్లకు డిప్ప పొడవు ప్రతి అంగుళానికీ సుమారు 40 లీటర్ల నీరు ఉండాలన్నది పెంపకందారులు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. ఎర్రచెవి జాతిలో ఎదిగిన ఆడ తాబేలు డిప్ప 25 సెంటీమీటర్ల దాకా పెరగగలదు, అంటే చివరికి దానికి సుమారు 400 లీటర్ల తొట్టి అవసరమవుతుంది. ఆరు లీటర్లు అంగుళంన్నర పిల్లకే చాలవు. నీటి లోతు కనీసం డిప్ప పొడవుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి, ఎందుకంటే వెల్లకిలా పడిన తాబేలు ఆ లోతు ఉంటేనే తిరగబడగలదు. తక్కువ నీటిలో బోర్లాపడలేక ఊపిరాడక చనిపోయిన పిల్లలు ఉన్నాయి. ‘నీరు ఎక్కువైతే మునిగిపోతుంది’ అన్న భయంతో వేలెడు లోతే పోసేవారు ఈ సంగతి గమనించాలి. ఆరోగ్యంగా ఉన్న నీటి తాబేలు పుట్టిన నాటి నుంచే ఈదుతుంది.

దిమ్మె గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఏటవాలు మెట్టు నున్నగా ఉండటం వల్ల పిల్ల ముందుకాళ్ల గోళ్లు పట్టు దొరకక జారిపోతున్నాయి. అది సగం దాకా ఎక్కి, మెడ సాచి, వెనక కాళ్లతో తన్నుకొని, మళ్లీ నీళ్లలోకి జారడం చూస్తే బాధ కలుగుతుంది. గరుకు కాగితం లాంటి పైపూత ఏదైనా వేసి ఉంటే సరిపోయేది. పైగా పూర్తిగా ఒడ్డెక్కి, డిప్ప కింది భాగం కూడా ఆరేలా పడుకోవడానికి దిమ్మె మీద చోటు లేదు, ఆ చోటును కొబ్బరిచెట్టు ఆక్రమించింది. ఎప్పుడూ తడిగా ఉండే డిప్పకు బూజు, బాక్టీరియా పట్టి కుళ్లుతుంది కనుక పూర్తిగా పొడిగా ఉండే చోటు తాబేలుకు విలాసం కాదు.

ఇక దీపం. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే. కిట్టులో తొట్టి అంచుకు తగిలించే చిన్న క్లిప్పు దీపం, అందులో ఒక మామూలు బల్బు ఉన్నాయి; బల్బు డబ్బా మీద ‘సూర్యకాంతితో సమానం’ అని రాసి ఉంది కానీ యూవీబీ అన్న మాట గానీ, దాని శాతం గానీ ఎక్కడా లేదు. తాబేలుకు దీపంతో రెండు వేరువేరు అవసరాలు ఉంటాయి. ఒకటి వేడి. అది శీతలరక్త జీవి, ఒళ్లు వేడెక్కితే తప్ప తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తి రాదు. రెండోది అతినీలలోహిత కాంతిలోని 290 నుంచి 320 నానోమీటర్ల మధ్య ఉండే యూవీబీ భాగం. ఆ కిరణాలు చర్మం మీద పడినప్పుడే శరీరంలో విటమిన్ డి3 తయారవుతుంది, ఆ విటమిన్ ఉంటేనే తిన్న కాల్షియం ఎముకలకూ డిప్పకూ చేరుతుంది. డిప్ప అంటే పైన తగిలించుకున్న పెంకు కాదు, పక్కటెముకలూ వెన్నెముకా కలిసిపోయి ఏర్పడిన ఎముక నిర్మాణం. కాబట్టి యూవీబీ అందని పిల్లకు నెలలు గడిచే కొద్దీ డిప్ప మెత్తబడి వంకర తిరుగుతుంది, దవడ సాగుతుంది, కాళ్లు ఒంటి బరువు మోయలేవు. పుట్టిన కొత్తలో డిప్ప కాస్త మెత్తగా ఉండటం సహజమే, కానీ పెరిగే కొద్దీ గట్టిపడాలి తప్ప వేలితో నొక్కితే లొంగకూడదు.

వేడి విషయంలోనూ ఈ దీపం నిలబడలేదు. దిమ్మె మీద థర్మామీటరు పెట్టి, దీపం వెలిగించి, చాలాసేపటి తర్వాత చూస్తే 27 డిగ్రీలు చూపించింది. అప్పటికి నీరు 26 డిగ్రీల దగ్గర ఉంది. పిల్లకు నీరు 26 నుంచి 28 డిగ్రీల దాకా ఉంటే చాలు కానీ, ఎండ కాచుకునే చోటు మాత్రం 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. ఆ తేడా ఉన్నప్పుడే అది నీళ్లకూ ఒడ్డుకూ మధ్య తిరుగుతూ తన ఒంటి వేడిని తానే సర్దుకోగలుగుతుంది. మేము ఈ దీపాన్ని తీసేసి, ఒక వేడి బల్బునూ, దానితో పాటు సరీసృపాల కోసం చేసిన యూవీబీ ట్యూబునూ అమర్చాం. రోజుకు పది, పన్నెండు గంటలు వెలిగించి రాత్రి ఆర్పేస్తాం. ఈ ట్యూబు ఎంత దూరంలో ఉండాలో దాని పెట్టె మీద రాసి ఉంటుంది, దాన్ని అక్షరాలా పాటించాలి. మధ్యలో గాజుమూత గానీ ప్లాస్టిక్ గానీ అడ్డు ఉండకూడదు, అవి యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. మూసిన కిటికీ పక్కన తొట్టి పెట్టి ఎండ తగులుతోందనుకోవడం కూడా ఈ కారణంగానే పొరపాటు. ట్యూబు వెలుగుతూనే ఉన్నా కాలక్రమంలో అందులోంచి వచ్చే యూవీబీ తగ్గిపోతుంది కనుక తయారీదారు చెప్పిన గడువు ప్రకారం, చాలావాటికి ఆరు నెలల నుంచి ఏడాదికి ఒకసారి, మార్చవలసిందే.

కిట్టులోని ఫిల్టరు చిన్న చేపల గిన్నెకు సరిపోయే స్పాంజి ఫిల్టరు. తాబేలు అదే పరిమాణంలోని చేప కంటే ఎంతో ఎక్కువ మలినం చేస్తుంది, అందుకే తొట్టిలోని నీటికి రెండు మూడు రెట్ల నీటిని శుభ్రం చేయగలిగే ఫిల్టరు తీసుకోమని అనుభవజ్ఞులు చెబుతారు. ఈ ఫిల్టరు నడుస్తున్నా నీరు త్వరగా మసకబారి, వాసన వేసింది. ఫిల్టరు పని చెత్తను పట్టుకోవడంతో అయిపోదు. మలంలోంచి వచ్చే అమోనియాను మొదట నైట్రైటుగా, ఆ తర్వాత అంతకంటే తక్కువ హానికరమైన నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురం ఉంటుంది, అది స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ‘ప్రతి వారం ఫిల్టరును కుళాయి కింద బాగా కడగండి’ అని కిట్టు పుస్తకంలో ఉన్న సలహా ఆ బాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే స్పాంజిని పిండి, మళ్లీ అమర్చడం సరైన పద్ధతి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించే ద్రావణం ఒకటి కిట్టులో ఉంది, అది మాత్రం పనికొస్తుంది. తాబేలు గాలి పీల్చే జీవి కావడం వల్ల క్లోరిన్ చేపలను చంపినంత వేగంగా దాన్ని చంపదు కానీ, కళ్లను మండిస్తుంది, ఫిల్టరులోని బాక్టీరియానూ దెబ్బతీస్తుంది.

ఆహారం పేరుతో ఒక డబ్బా నిండా ఎండు రొయ్యలు ఇచ్చారు. పిల్ల వాటిని ఎగబడి తింటుంది. ఎగబడి తినడమే ఇక్కడి ప్రమాదం, ఎందుకంటే వాటి రుచి మరిగాక మిగతాదేదీ ముట్టదు. ఎండు రొయ్యల్లో కాల్షియం, విటమిన్ ఏ పెరిగే పిల్లకు చాలినంత ఉండవు. విటమిన్ ఏ లోపిస్తే కనురెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోతాయి, కనిపించక తిండి మానేస్తుంది, చూసేవాళ్లు నిద్రపోతోందనుకుంటారు. రోజువారీ ఆహారంగా నీటి తాబేళ్ల కోసం తయారైన మంచి గుళికలను, దాని తల పరిమాణమంత, పిల్లకు రోజూ, ఎదిగాక రోజు విడిచి రోజు వేయాలి. వాటితో పాటు ముదురు ఆకుపచ్చని ఆకులు, నీటి మొక్కలు మొదటి నుంచీ అలవాటు చేయాలి. చిన్నప్పుడు మాంసాహారం మీద మక్కువ చూపే ఎర్రచెవి తాబేలు ఎదిగే కొద్దీ ఎక్కువగా మొక్కల వైపు మళ్లుతుంది. పాలకూరను మాత్రం అప్పుడప్పుడు తప్ప వేయకపోవడం మంచిది, అందులోని ఆగ్జలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి. ఆహారాన్ని నీటిలోనే వేయాలి. నీటి తాబేలు ఒడ్డున నోటితో అందుకున్నా, నీళ్లలోకి దిగితే తప్ప మింగలేదు.

కిట్టులోని రంగు రాళ్ల పొట్లాన్ని తెరవనే వద్దు. ఆ రాళ్లు సరిగ్గా నోట్లో పట్టేంత ఉన్నాయి, మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. తొట్టి అడుగు ఖాళీగా ఉన్నా తాబేలుకు లోటేమీ లేదు, అందం కావాలంటే దాని తల కంటే పెద్ద రాళ్లు వేయవచ్చు. తాబేలు ఆకారంలో ఉన్న కాల్షియం దిమ్మ హాని చేయదు, గొప్ప మేలూ చేయదు. దాని బదులు కటిల్ ఫిష్ ఎముక ముక్కను నీళ్లలో వదిలితే పిల్ల కొరుక్కుంటుంది.

పెట్టె మూత మీది బొమ్మ దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఎర్రచెవి తాబేలు పక్కనే, అదే నీళ్లలో, ఒక నక్షత్ర తాబేలును నిలబెట్టారు. ‘అన్ని రకాల తాబేళ్లకూ’ అని కింద రాశారు. నక్షత్ర తాబేలు నేల మీద బతికే జీవి. దాని కాళ్లు స్తంభాల్లా ఉంటాయి, వేళ్ల మధ్య చర్మం ఉండదు, లోతు నీటిలో వేస్తే మునిగి చనిపోతుంది. నేల తాబేలుకు కావలసింది తిరగడానికి విశాలమైన పొడి చోటు, తవ్వుకోవడానికి మట్టి, దాక్కోవడానికి నీడ, గడ్డం మునగనంత లోతున్న నీటి పళ్లెం, పీచు ఎక్కువగా ఉండే గడ్డి, ఆకులు. ఎండు రొయ్యలు దాని ఆహారమే కాదు. అంతకంటే ముఖ్యమైన విషయం, నక్షత్ర తాబేళ్ల అక్రమ రవాణా కారణంగా 2019లో ఆ జాతిని, ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు మొదటి అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించారు. అటువంటి జీవిని పెంపుడు జంతువుల సామగ్రి పెట్టె మీద ముద్రించడం బాధ్యత లేని పని. ఏ జాతి తాబేలునైనా ఇంటికి తెచ్చే ముందు అక్కడి వన్యప్రాణి చట్టం దాన్ని అనుమతిస్తుందో లేదో తెలుసుకోవాలన్న ఒక్క వాక్యమైనా ఆ పుస్తకంలో లేదు.

పుస్తకం అన్నది నిజానికి నాలుగు మడతల కాగితం. సాల్మొనెల్లా గురించి అందులో ప్రస్తావనే లేదు. ఆరోగ్యంగా కనిపించే తాబేలు కూడా ఆ బాక్టీరియాను మోస్తూ ఉండవచ్చు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ డిప్ప నాలుగు అంగుళాల కంటే చిన్నగా ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించడానికి కారణం అదే, చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకొని జబ్బు పడేవారు. తాబేలునో తొట్టి నీటినో తాకిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి, తొట్టి సామాన్లను వంటింటి తొట్టిలో కడగకూడదు, అయిదేళ్ల లోపు పిల్లల చేతికి తాబేలును ఇవ్వకూడదు. ముక్కు నుంచి నీరు కారడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఒక పక్కకు ఒరిగి ఈదడం ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు కాబట్టి, అవి కనిపిస్తే సరీసృపాలు తెలిసిన పశువైద్యుడి దగ్గరికి వెంటనే తీసుకెళ్లాలన్నది కూడా ఆ కాగితం మీద ఉండవలసింది. పెరిగిపోయిన తాబేలును చెరువులో వదలవద్దని చెప్పకపోవడం మరో పెద్ద లోటు. ఎర్రచెవి తాబేలు ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద చొరబాటు జీవుల జాబితాలో ఉంది. దాన్ని వదిలిన చోట ఆహారానికీ ఎండ కాచుకునే చోటుకూ పోటీ పడి స్థానిక తాబేళ్లను వెనక్కి నెడుతుంది.

కిట్టులో నేను ఉంచుకోమని చెప్పినవి థర్మామీటరు, క్లోరిన్ తొలగించే ద్రావణం, తొట్టి. థర్మామీటరు మరో దానితో పోల్చి చూస్తే సరిగ్గానే చూపించింది. తొట్టిని పిల్లకు తిండి వేసేటప్పుడు విడిగా వాడుతున్నారు, దానివల్ల పెద్ద తొట్టిలో నీరు కొంత ఆలస్యంగా పాడవుతోంది. మిగతావాటి స్థానంలో పెద్ద తొట్టి, యూవీబీ ట్యూబు, వేడి బల్బు, బలమైన ఫిల్టరు, రక్షణ తొడుగు ఉన్న హీటరు విడివిడిగా కొనవలసి వచ్చింది, కాబట్టి కిట్టు వల్ల ఖర్చు పెరిగిందే తప్ప తగ్గలేదు. ఇంకా కొననివారు ముందు యూవీబీ ట్యూబు, ఫిల్టరు ఎంచుకొని, ఆ తర్వాత దొరికినంత పెద్ద తొట్టి తీసుకోవాలి. గాజుదే కానక్కరలేదు, గట్టి ప్లాస్టిక్ టబ్బు అయినా తాబేలుకు ఒకటే.

తయారీదారుకు ఇవే విషయాలు రాసి పంపాను. దీపంలో అసలైన యూవీబీ బల్బు పెట్టాలనీ, రాళ్ల పొట్లం తీసేయాలనీ, మూత మీది నక్షత్ర తాబేలును తొలగించి ఆ చోట ఎదిగిన ఎర్రచెవి తాబేలు నిజమైన కొలతను, దానికి కావలసిన నీటి లీటర్ల లెక్కతో సహా, పెద్ద అక్షరాల్లో ముద్రించాలనీ కోరాను. అవి జరిగేదాకా ఈ కిట్టును ఎవరికీ సిఫారసు చేయను.