కోనసీమలో మూడు రోజులు: పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి

కుటుంబంతో కోనసీమ వెళ్ళాలనుకుంటున్నామని చెప్పగానే వినేవారు ముందుగా ఇచ్చేది గుళ్ళ జాబితా. వాడపల్లి, ర్యాలి, మందపల్లి, అయినవిల్లి, మురమళ్ళ, అప్పనపల్లి, అంతర్వేది అని వేళ్ళు మడిచి లెక్కపెట్టి, అన్నీ దగ్గర దగ్గరే కాబట్టి ఒక్క రోజులో చుట్టేయవచ్చని ధైర్యం కూడా చెబుతారు. చుట్టేయవచ్చు, కాదనను. మొదటిసారి మేమూ అలాగే చుట్టాం. మధ్యాహ్నం మూడయ్యేసరికి మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఇక కారు దిగనని తేల్చి చెప్పింది. పిల్లలకు ఏ గుడి ఏ ఊళ్ళో ఉందో గుర్తు లేదు కానీ, కోటిపల్లి రేవులో కారుతో సహా ఎక్కిన పంటు (మనుషులనూ బండ్లనూ నది దాటించే వెడల్పాటి పడవ) మాత్రం బాగా గుర్తుండిపోయింది. రెండవసారి ఆ పంటునే ఆధారం చేసుకుని, చూడవలసిన చోట్లను సగానికి పైగా తగ్గించి, మూడు రోజులు తీరికగా తిరిగాం. ఇక్కడ రాస్తున్నది ఆ రెండవ ప్రయాణపు అనుభవంతో చెప్పే మాట.

ముందుగా దారి సంగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న నేలే కోనసీమ. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా వేస్తున్న రైలు మార్గం పూర్తయ్యేదాకా అమలాపురం, రాజోలు వైపు వెళ్ళేవారికి రోడ్డే గతి. అందుకని దాదాపు అందరూ రాజమహేంద్రవరంలో దిగి, కారు మాట్లాడుకుని, తిరిగి అక్కడికే వచ్చి రైలెక్కుతారు. అలా చేస్తే ఆఖరి రోజు సగం వెళ్ళిన దారిలోనే వెనక్కి రావడానికి ఖర్చయిపోతుంది. రాజమహేంద్రవరంలో దిగి, వసిష్ఠకు అవతలి వైపునున్న పాలకొల్లులో గానీ నరసాపురంలో గానీ తిరుగు రైలెక్కేలా టిక్కెట్లు తీసుకోవడం నయం. కారు ఖాళీగా వెనక్కి పోవాలి కాబట్టి డ్రైవరు ఆ కిరాయి కూడా అడుగుతాడు, అది న్యాయమే. అయినా పిల్లల నిద్రతో, పెద్దవాళ్ళ నడుంనొప్పితో పోల్చుకుంటే ఆ డబ్బు దండగ అనిపించదు.

మొదటి మజిలీగా ధవళేశ్వరాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కట్టిన 175 తలుపుల బ్యారేజీ ఇప్పుడు అక్కడ ఉంది. ఒడ్డునే కాటన్ పేరిట ఉన్న ప్రదర్శనశాలలో ఆనాటి పనిముట్లు, నీటిపారుదల నమూనాలు చూడవచ్చు. నిజం చెప్పాలంటే దాని నిర్వహణ అంత గొప్పగా లేదు, వివరాల పలకలు ఇంకాస్త శ్రద్ధగా రాయవలసింది. అయినప్పటికీ, తరువాతి మూడు రోజులూ దారి పొడవునా కనిపించే కాలువలూ, వాటి నీటిని ఆపి వదిలే లాకులూ, పచ్చని చేలూ ఎక్కడి నుంచి వచ్చాయో పిల్లలకు ముందే ఒక గంటలో అర్థమైపోతుంది. ఊరూరా గుర్రం మీదో నిలబడో కనిపించే ఆ తెల్లదొర విగ్రహం ఎవరిదని అడిగే ప్రశ్నకు కూడా జవాబు ముందే దొరుకుతుంది. కడియపులంక నర్సరీల దారి కూడా ఇటువైపే. మొక్కలంటే ప్రాణమిచ్చే పెద్దవాళ్ళు వెంట ఉంటే తప్పక ఆగండి, కానీ ప్రయాణం మొదట్లోనే కుండీలు కొంటే మూడు రోజులూ వాటికి నీళ్ళు పోసే బాధ్యత మీదేనని మరచిపోకండి.

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడి నుంచి కాలువ పక్కగా ఆత్రేయపురం వైపు సాగే రోడ్డు ఈ ప్రయాణంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. జాతీయ రహదారి మీద రావులపాలెం పోతే త్వరగా చేరవచ్చని డ్రైవరు తప్పకుండా అంటాడు, వినకండి. ఒక పక్క కాలువ, మరో పక్క అరటి తోటలు, మధ్యలో లొల్ల లాకులు. తెలుగు సినిమాలు చూసేవారికి ఆ లాకులు కొత్తగా అనిపించవు, అక్కడ ఎన్నో చిత్రీకరణలు జరిగాయి. టిక్కెట్టు లేదు, వరుస లేదు, చెట్టు నీడలో కాసేపు కూర్చోవచ్చు. అయితే కాలువ గట్టుకు అన్నిచోట్లా కంచె ఉండదు, నీటి వడి పైకి కనిపించేదానికంటే ఎక్కువ, కాబట్టి చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడం అందరూ చేసే పనే, రేకు తీయడం చూడటం మాత్రం చాలామంది వదిలేసుకుంటారు. అసలు చూడవలసింది అదే. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యపు పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద ఒక్క విసురుతో పరిచి లాగుతారు. గుడ్డ వెళ్ళిపోయాక కుండ మీద మిగిలిన తడి కళ్ళముందే తెల్లని పొరగా మారి లేస్తుంది. ఈ పని ఎక్కువగా ఇళ్ళలో ఆడవారే చేస్తారు. దుకాణంలో మర్యాదగా అడిగితే ఎవరి ఇంటికి వెళ్ళి చూడవచ్చో చెబుతారు. పని చెడగొట్టకుండా చూసి, వారి దగ్గరే ఒక పెట్టె కొనడం ధర్మం. మా అమ్మాయి అరగంటసేపు కదలకుండా నిలబడి చూసింది, ఆ పిల్ల అంతసేపు కదలకుండా ఉండటం నేను అదివరకు చూడలేదు. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లం వేసినవి, పంచదార వేసినవి, ఎండు పండ్ల పలుకులు వేసినవి అన్నీ దొరుకుతాయి. నా ఓటు బెల్లానికే. చాక్లెట్ పొడి అద్ది అమ్ముతున్న కొత్త రకాలు పిల్లలు అడుగుతారు, ఒకటి కొనిచ్చి ఊరుకోండి. ఇంటికి ఎక్కువగా తీసుకువెళ్ళాలనుకుంటే వట్టి రేకులు విడిగా కొని, నెయ్యీ బెల్లమూ ఇంటిదగ్గర వేసి చుట్టుకోవడం మంచిది, వట్టి రేకు తడి తగలకపోతే చాలాకాలం నిలుస్తుంది.

గుళ్ళలో ఒక్కదాన్ని మాత్రమే ఎంచుకోమంటే నేను ర్యాలిని ఎంచుకుంటాను. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందువైపు విష్ణువు, వెనుకవైపు మోహిని. రెండు రూపాలూ ఒకే రాతిలో ఉన్నాయి. అర్చకులు దీపం పట్టి వెనుకవైపు జడ ముడినీ, ఒంటి మీది చిన్న చిన్న వివరాలనూ చూపిస్తూ కథ చెబుతుంటే పిల్లలు కూడా నోరు తెరుచుకుని వింటారు. శనివారం నాడు ఇటువైపు వచ్చేట్లయితే ఏడు వారాల మొక్కులతో వాడపల్లి వెళ్ళే భక్తుల రద్దీ దారంతా ఉంటుందని గుర్తుంచుకోవాలి. మిగతా గుళ్ళు గొప్పవి కావని నేననడం లేదు, మొక్కు ఉన్నవారు మొక్కు తీర్చుకోవలసిందే. పిల్లల ఓపికను, పెద్దల కాళ్ళను లెక్కలోకి తీసుకుని, రోజుకు ఒక గుడి చొప్పున చాలని మాత్రమే అంటున్నాను.

బసకు దిండి నాకు నచ్చింది. వసిష్ఠ ఒడ్డున, కొబ్బరి తోటల మధ్య రాష్ట్ర పర్యాటక సంస్థ హరిత రిసార్టుతో పాటు ప్రైవేటు రిసార్టులూ ఉన్నాయి. గదుల అలంకరణ ఎలా ఉందన్నది నేను పెద్దగా పట్టించుకోను. తెల్లవారుజామున గది తలుపు తీయగానే నది మీద మంచు, దూరంగా వల విసిరే నావ, ఎక్కడో కొబ్బరికాయలు దింపుతున్న చప్పుడు ఉంటే చాలు, దిండిలో అవి ఉన్నాయి. గది ఖరారు చేసుకునేముందు మాత్రం ఫోనులో కొన్ని సంగతులు గట్టిగా అడగాలి. పెద్దవాళ్ళకు కింది అంతస్తు గది ఇస్తారా, కరెంటు పోతే జనరేటరు ఉందా, కిటికీలకు దోమల జాలీలు ఉన్నాయా, పిల్లలకు పాలు, పెద్దలకు కారం లేని కూర రాత్రిపూట అడిగినా దొరుకుతాయా, అన్నిటికంటే ముఖ్యంగా నది వైపు కంచె ఉందా అన్నవి. మొదటిసారి మేము దిగిన ఒక ప్రైవేటు రిసార్టులో ఫోటోలలో ఎంతో అందంగా కనిపించిన పచ్చిక సరాసరి నీళ్ళలోకి దిగిపోయేది. మధ్యలో మోకాలెత్తు గోడ కూడా లేదు. రెండు రోజులూ పిల్లలకు కాపలా కాయడంతోనే సరిపోయింది. అడిగితే ఇంతవరకూ ఎవరూ పడలేదు కదా అన్నారు. అది జవాబు కాదు.

రెండవ రోజంతా దిండిలోనే ఉండిపోవాలని నా సలహా. ఎక్కడికీ వెళ్ళకపోతే ఎలాగని ఇంట్లో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఉదయం పడవ, మధ్యాహ్నం భోజనం, ఒక కునుకు, సాయంత్రం తోటల్లో నడక, అంతే. పడకగదులతో సహా ఉండే ఇంటి పడవలు దిండికి పేరు తెచ్చాయి. చిన్నపిల్లలు ఉన్నవారికి రాత్రంతా పడవలో గడపడం కంటే ఒకటి రెండు గంటల విహారమే సుఖం. ఆ సమయంలో పడవలు నడుస్తున్నాయో లేదో గది తీసుకునేటప్పుడే కనుక్కోవాలి. ఎక్కేముందు పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ అడిగి, అది ఇచ్చేదాకా ఎక్కకండి. 2019 సెప్టెంబరులో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పడవ మునిగి ఎంతమంది పోయారో తెలిసినవారు ఈ మాటను అతి జాగ్రత్త అనుకోరు. పెద్దల జాకెట్టును పిల్లవాడికి తాడుతో బిగించి ఇది చాలంటే ఒప్పుకోకూడదు.

తిండి విషయంలో కోనసీమకు సాటి లేదని నేను అనను, ఇంటి వంటకు సాటి లేదని అంటాను. రిసార్టులలో వడ్డించే భోజనం ఎక్కువగా ఎక్కడైనా దొరికే మసాలా భోజనమే. ముందురోజు రాత్రే వంటవారితో మాట్లాడి పనసపొట్టు కూర, కంద బచ్చలి, కొబ్బరి పచ్చడి చేసిపెట్టమని అడిగితే వారికీ ఉత్సాహం వస్తుంది. మాకు అలా దొరికిన భోజనమే మూడు రోజుల్లోకీ గొప్పది. ఉదయం ఫలహారానికి అంబాజీపేట పొట్టిక్కలు వెదుక్కుని తినవలసినవి. పనస ఆకులను పుల్లలతో కుట్టిన బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసనలోనే సగం రుచి ఉంటుంది, కారం ఉండదు కాబట్టి పిల్లలు మారాం చేయకుండా తింటారు. పులస చేప సంగతి వేరు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత ఉంది. గోదావరికి ఎర్రనీరు వచ్చే వానాకాలంలోనే అది దొరుకుతుంది, ధర సామెతకు తగ్గట్టే ఉంటుంది, పైగా ఒళ్ళంతా ముళ్ళు. పిల్లలకు ముళ్ళు తీసి పెట్టే ఓపిక లేనివారు దాన్ని ఇంకో ప్రయాణానికి దాచుకోవడం మేలు. మిగతా కాలాల్లో పులస అని ఎవరైనా వడ్డిస్తే అది పులస కాదని అనుకోవచ్చు.

నెలల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరదలొస్తే నది మధ్యనున్న లంకల్లోకి నీళ్ళు వస్తాయి, పంట్లు ఆగిపోతాయి. మే నెలలో ఎండ కంటే ఉక్కపోత బాధిస్తుంది. సంక్రాంతికి గదులు నెలల ముందే అయిపోతాయి, ధరలు కొబ్బరిచెట్టెక్కి కూర్చుంటాయి. అయినా కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం చూడాలన్న కోరిక ఉంటే ఆ ఖర్చు భరించవచ్చు. ఊళ్ళ నుంచి ప్రభలను, అంటే దేవుడి ప్రతిమతో అలంకరించిన ఎత్తైన చట్రాలను, మనుషులు భుజాల మీద ఎత్తుకుని వరిచేల మధ్యగా, కాలువ నీళ్ళలో దిగి దాటించుకుంటూ తీసుకొస్తారు. జనం మాత్రం కిక్కిరిసి ఉంటారు. ఐదేళ్ళలోపు పిల్లలతో, నడవలేని పెద్దలతో ఆ రోజు అక్కడికి వెళ్ళవద్దని స్పష్టంగా చెబుతున్నాను.

మూడవ రోజు పొద్దున్నే బయలుదేరి అంతర్వేది చేరుకుంటే ఎండ ముదరకముందే లక్ష్మీనరసింహస్వామి దర్శనం, అన్నాచెల్లెళ్ళ గట్టు రెండూ అయిపోతాయి. గట్టు అంటే వసిష్ఠ సముద్రంలో కలిసేచోట నీటి రంగులు కలిసీ కలవనట్టు కనిపించే సంగమం. నీళ్ళలోకి దిగనివ్వకండి, అక్కడ చూడటమే అందం. మాఘమాసంలో స్వామి కల్యాణం జరిగే రోజుల్లో తీర్థం మహా పెద్దది, అప్పుడు కుటుంబంతో వెళ్ళడం భక్తి ఉన్నవారికే తగును. అక్కడి నుంచి డ్రైవరు చించినాడ వంతెన మీదుగా వెళ్దామంటే ఒప్పుకోకుండా సఖినేటిపల్లి రేవుకు పోనిమ్మని చెప్పండి. కార్లు, మోటారు సైకిళ్ళు, కూరగాయల గంపలు, బడిపిల్లలు, అందరూ ఒకే పంటు మీద వసిష్ఠ దాటి నరసాపురం చేరతారు. దాటడానికి పట్టేది కొద్ది నిమిషాలే. మా పిల్లలు ఇంకోసారి వెనక్కి వెళ్ళి మళ్ళీ వద్దామని గొడవ చేశారు, కారును ఒడ్డున ఆపి, కాలినడక ప్రయాణికులుగా మరోసారి వెళ్ళి వచ్చాం. మూడు రోజుల్లో పెట్టిన అతి తక్కువ ఖర్చు అదే.

నరసాపురంలో చేతి అల్లిక లేసు కొనాలనుకునేవారు దానికి గంట సమయం ఉంచుకోవాలి. పాలకొల్లు చేరాక క్షీరారామ గోపురాన్ని కారులోంచి చూసినా చాలునని మా అమ్మ అనడంతో మేము అక్కడ దిగలేదు. దిగింది దిబ్బరొట్టె కోసం. మూకుడులో పోసిన మినప్పిండిని కిందా పైనా నిప్పులతో, పైకి కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండేలా కాలుస్తారు. పానకంలో ముంచుకుని తింటే కడుపు నిండిపోతుంది. రైలులో తినడానికి ఇంకొకటి కట్టించుకున్నాం. అది కాలడానికి సమయం పడుతుంది, కాబట్టి రైలు వేళకు ముప్పావుగంట ముందే చెప్పి ఉంచండి.