హాల్లో ఏ పామ్ మేలు: అరెకానా, లేడీ పామా, కొబ్బరి మొక్కా?

శ్రీకాకుళంలో ఏ నర్సరీకి వెళ్లి ఇంట్లోకి పామ్ మొక్క కావాలన్నా ముందు చూపించేది అరెకానే. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో అది ఉండి తీరుతుంది. ధర అందుబాటులో ఉంటుంది, కొన్నరోజే గది నిండుగా కనిపిస్తుంది. పుట్టిల్లు మడగాస్కర్ కాబట్టి మన ఉక్కపోతా దానికి లెక్కలోది కాదు. కావాల్సింది వెలుతురు, చిక్కంతా అక్కడే.

మన పాత వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వీధి గుమ్మం నుంచో పెరటి గుమ్మం నుంచో తప్ప వెలుగు రాదు, నడిమి గదిలో మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్ వేసుకోవాలి. అక్కడ సోఫా పక్కన అరెకా పెడితే కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఒంట్లో నిల్వ ఉన్న సత్తువ అయిపోయాక కింది ఆకులు పండిపోతాయి, కొత్తవి బక్కగా వస్తాయి. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో చెంబు పోస్తాం. వెలుతురు లేనిచోట మట్టి త్వరగా ఆరదు కాబట్టి ఆ చెంబుతో వేరుకుళ్లు మొదలవుతుంది.

అలాంటి గదికి నా ఓటు లేడీ పామ్‌కే. రాపిస్ అన్నా ఇదే. విసనకర్రలా విచ్చుకునే ముదురు ఆకులు, సన్నటి కాడలు. దక్షిణ చైనాలో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి కనుక తక్కువ వెలుతురుకు ఓర్చుకుంటుంది. ఎదుగుదల మాత్రం మహా నిదానం, నర్సరీలో ఏళ్లపాటు పెంచాలి కాబట్టి ఖరీదూ ఎక్కువే. చిన్నది కొని ఏడాదిలో గది నిండాలంటే కుదరదు.

పగలు లైటు వేయకుండా పేపరు చదవగలిగే చోటైతే అరెకా, లేకపోతే లేడీ పామ్. నేనైతే ఇలాగే తేలుస్తాను.

ఉద్దానం వాళ్లకి పామ్ కొనడమే వింతగా ఉంటుంది. ‘తోటలో ఇన్ని కొబ్బరి మొలకలుండగా డబ్బు పోయడమెందుకు?’ అంటారు. మొలకెత్తిన కాయను కుండీలో సగం పైకి కనబడేలా పాతితే నిజంగానే అందంగా ఉంటుంది. కానీ కాయలోని కొబ్బరి ఉన్నంతకాలమే దానికి ఆ ధీమా. అది అయిపోతే ఆకులే తిండి తయారుచేసుకోవాలి, అందుకు నిండు ఎండ కావాలి. పండక్కి హాల్లో పెట్టి, తర్వాత పెరట్లో నాటేస్తానంటే సరే.

నీళ్ల విషయంలో మాత్రం లేడీ పామ్, అరెకా రెండూ సున్నితమే. ఉప్పు బోరునీళ్లు పోస్తే ఆకు కొసలు మాడతాయి. రాత్రంతా బిందెలో ఉంచి పోస్తే క్లోరిన్ పోతుందేమో గానీ ఉప్పు పోదు. వాననీళ్లు పట్టి పోయడం మంచిది. అది కుదరకపోతే, నెలకోసారి కుండీని బయట పెట్టి, అడుగు కన్నంలోంచి ధారగా కారేదాకా దొరికినంతలో మంచినీళ్లు పోయాలి. ఏసీ గదిలోని పొడిగాలికి ఎర్రనల్లి అనే చిన్న పురుగు కూడా పడుతుంది. ఆకుల అడుగున సన్నటి సాలెగూడు కనబడగానే కడిగేయాలి.

సాగో పామ్ అని బిరుసు ఆకులది ఇంకోటి అమ్ముతారు. అది అసలు పామ్ జాతే కాదు, సైకస్. దాని గింజలు బాగా విషం, ఆకులూ అంతే. పసిపిల్లలో కుక్కపిల్లో ఉన్న ఇంట్లోకి దాన్ని తేకండి.