తెల్లవారుజాము ఎయిర్‌పోర్టు ట్రిప్పుకి విజయనగరంలో నేను నమ్మే ట్యాక్సీ

రెండేళ్లుగా వీళ్ల కార్లలోనే తిరుగుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. నేను పైలట్‌ని, బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) హైదరాబాద్, ఇల్లు విజయనగరంలో. అమ్మానాన్న ఇక్కడే, పాప స్కూలు ఇక్కడే, అందుకే ఊరు మారలేదు. మర్నాడు తెల్లవారుజామున డ్యూటీకి రిపోర్టింగ్ ఉంటే ముందు రోజు మొదటి ఫ్లైట్‌కే విశాఖ నుంచి బయల్దేరతాను. ఎందుకంటే మాకిచ్చే స్టాఫ్ టికెట్ మీద సీటు ఖాళీగా ఉంటేనే ఎక్కనిస్తారు, పెళ్లిళ్ల సీజన్‌లో అది దొరకడం కష్టం, ఒకటి తప్పితే తర్వాతదైనా ఎక్కి మధ్యాహ్నానికల్లా శంషాబాద్ రూముకి చేరి సాయంత్రమే పడుకోవాలి. కారు అరగంట లేటైతే ఆ లెక్కంతా పోతుంది.

వీళ్లు ఇంతవరకు లేటు చెయ్యలేదు. మూడున్నరకి రమ్మంటే మూడుంపావుకే గేటు ముందు ఉంటారు. పాప లేస్తుందని ఒకసారి చెప్పాను, అప్పట్నుంచి హారన్ కొట్టరు, మిస్డ్ కాల్ ఇస్తారు.

కానీ నేను వీళ్ల దగ్గరే ఉండిపోవడానికి కారణం టైము కాదు, డ్రైవర్ నిద్ర. ఇంతకుముందు వేరే ట్యాక్సీలో వెళ్తుంటే చింతలవలస దాటాక డ్రైవర్ కునికిపాట్లు పడ్డాడు, కారు ఎడమ చక్రాలు మట్టిలోకి దిగాయి. మిగతా దారంతా ముందు సీట్లో కూర్చుని అతనితో మాట్లాడుతూనే ఉన్నా. పాపం అరకు ట్రిప్పు వేసి రాత్రి పదకొండుకి వచ్చాడట. 2009లో అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయారు. ఆ కో-పైలట్ సియాటిల్‌లోని ఇంటి దగ్గర నుంచి రాత్రంతా ప్రయాణం చేసి బేస్‌కి వచ్చి డ్యూటీ ఎక్కింది, దర్యాప్తు రిపోర్టులో పైలట్ల అలసట గురించి కూడా రాశారు. దూరం నుంచి వచ్చి డ్యూటీ చేసే నాలాంటి వాళ్లు అది మర్చిపోలేరు. మాకు వారానికి వరసగా 48 గంటల విశ్రాంతి ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూలు ఉంది, ఈ డ్రైవర్ల నిద్ర లెక్క ఎవరు చూస్తున్నారు?

ఇక్కడ ఓనరే చూస్తాడు. మొదటిసారి బుక్ చేసినప్పుడు "కుర్రాడు రాత్రి పడుకుంటాడా బాబాయ్?" అనడిగితే, "పగలు లాంగ్ ట్రిప్పు వేసినోణ్ని నీకు పంపనమ్మా, ఆడు ఆరింటికే ఇంటికెళ్లిపోయాడు" అన్నాడు. ఇప్పటికీ అదే పద్ధతి.

అందుకే నిశ్చింతగా వెనక సీట్లో పడుకుంటాను. ఆనందపురంలో బంతి, చామంతి మూటలు దించే ఆటోల మధ్య కారు నెమ్మదించినప్పుడు, అద్దం దించకపోయినా పూల వాసనకి ఒకసారి మెలకువ వస్తుంది. డ్రైవర్ అద్దంలో చూసి "ఇంకా పూలబజారేనమ్మా, పడుకోండి, ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక లేపుతాను" అంటాడు.

లోపాలూ ఉన్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఫోనెత్తరు. బిల్లు అడిగితే చేత్తో రాసిన చీటీ ఇస్తారు, కంపెనీలో చూపించుకోవాల్సినవాళ్లకి అది పనికిరాదు. ఒక కారులో వెనక సీటు బెల్టు బిగుసుకుపోయి ఉంది, చెప్పిన వారానికి గానీ బాగుచెయ్యలేదు, అది నాకు నచ్చలేదు. పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున కారు ఇంటిదాకా రాదు, రింగ్ రోడ్డు దాకా నడవాల్సిందే, దానికి వాళ్లను అనలేం.

ఒకవైపుకి నా దగ్గర 1,900 తీసుకుంటున్నారు, టోల్‌తో కలిపి. తెల్లవారుజాము ట్రిప్పయితే ముందు రోజు పొద్దున్నే చెప్పండి, సాయంత్రం చెప్తే నిద్రపోయిన డ్రైవర్ లేడని ఒప్పుకోరు.