ఔత్సాహిక గేమ్ బొమ్మలకు సద్విమర్శ: మాటల్లో చెప్పడం మేలా, బొమ్మ మీదే దిద్ది చూపడం మేలా?

ఇంజనీరింగ్ చదువుతూనో, మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూనో, రాత్రిళ్లు తీరిక చేసుకుని సొంతంగా అడ్వెంచర్ గేమ్ (తెర మీది వస్తువులను నొక్కుతూ, చిక్కుముడులు విప్పుతూ కథను నడిపే గేమ్) తయారు చేసుకునేవారు హైదరాబాద్‌లో ఉన్నారు. కథా వాళ్లదే, కోడూ వాళ్లదే. బొమ్మలు వేసేవారు దొరకక చివరికి అవి కూడా వాళ్లే వేసుకుంటారు. అలా వేసిన బొమ్మను వాట్సాప్‌లో పంపి “అన్నా, ఒకసారి చూసి చెప్పవా?” అని అడిగితే చాలాసార్లు “సూపర్ తమ్ముడూ” అన్న జవాబు వస్తుంది, లేదా ఏ జవాబూ రాదు. ఈ రెండింటి వల్లా బొమ్మ బాగుపడదు. నిజంగా సాయపడదలచినవారికి మూడు మార్గాలున్నాయి. లోపాన్ని మాటల్లో రాసి పంపవచ్చు. ఆ బొమ్మ మీదే కొత్త లేయర్ తెరిచి దిద్ది చూపవచ్చు; చిత్రకారులు దీనినే పెయింట్‌ఓవర్ అంటారు. గేమ్ ఆడదగిన స్థితిలో ఉంటే, ఆడుతున్న మనిషి పక్కన కూర్చుని గమనించవచ్చు. అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే అయినా, మూడవదాన్ని పక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదు.

అడ్వెంచర్ గేమ్‌లో బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ, అంటే పాత్రల వెనక కనిపించే దృశ్యం, చూడటానికి బాగుంటే చాలదు. పాత్ర ఎక్కడ నడవగలదో అది చూపాలి, ఏ వస్తువును నొక్కవచ్చో తెలియజేయాలి, ఆ తరువాతే కథ జరిగే చోటు మీద నమ్మకం కలిగించాలి. క్రిస్ జోన్స్ 1997లో తొలిసారి విడుదల చేసిన అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఔత్సాహికులకు ఉచితంగా దొరుకుతోంది. అందులో ఒక గది బొమ్మను (బజారైనా కోటైనా, ప్రతి దృశ్యాన్నీ అందులో గదే అంటారు) ఎక్కించాక, పాత్ర నడిచే నేలను, నొక్కదగిన వస్తువులను, పాత్ర వెనక్కి వెళ్లినప్పుడు దాన్ని మరుగుపరిచే స్తంభాలను, అరుగులను విడివిడిగా రంగు పూసి గుర్తించాలి. నేల ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టేటప్పుడు బొమ్మ వేసినవారే తడబడితే, ఆటగాడికి అది తెలిసే అవకాశం అసలే లేదు. అందుచేత విమర్శకుడు ముందు చూడవలసింది గీత అందాన్ని కాదు, ఈ హద్దుల స్పష్టతను.

మాటల్లో చెప్పడానికి ఉన్న బలం ఒక ఉదాహరణతో తేటపడుతుంది. ఒక అమ్మాయి చార్మినార్ దగ్గర నిలబడి లాడ్ బజార్ లోపలికి చూస్తున్నట్లు, సాయంకాలం వేళ, ఒక దృశ్యం వేసిందనుకుందాం. గాజుల దుకాణాలు చక్కగా కుదిరాయి, ఆకాశం నారింజ రంగులో ఉంది, అయినా బొమ్మలో ఏదో వెలితి కనిపిస్తుంది. లాడ్ బజార్ చార్మినార్‌కు పడమటి వైపున ఉంటుంది కాబట్టి సాయంత్రం అటు చూసేవారికి సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. దుకాణాల ముందు భాగాలు కొంత మసకబారాలి, మనుషుల నీడలు మన వైపు సాగాలి. ఆమె మాత్రం ప్రతి వస్తువుకూ అంచుల వెంట చీకటి, నడుమ వెలుగు పెట్టింది. కొత్తగా వేసేవారిలో ఈ అలవాటు తరచు కనిపిస్తుంది, ఎందుకంటే వస్తువును ఒక్కొక్కటిగా చూసి రంగు వేస్తే చేయి తనంతట తాను అలాగే పోతుంది. ఇక్కడ విమర్శకుడు రాయవలసింది ఒకే ఒక ప్రశ్న: “అమ్మా, ఈ దృశ్యంలో సూర్యుడు ఎక్కడున్నాడు?” ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆమె తన బొమ్మలోని ప్రతి నీడనూ తానే సరిచూసుకుంటుంది, తరువాత వేయబోయే గదుల్లో కూడా అదే ప్రశ్న ఆమెకు గుర్తొస్తుంది. అదే లోపాన్ని మనం దిద్ది పంపితే ఈ ఒక్క బజారు బాగుపడుతుంది, తరువాతి గదిలో మళ్లీ అదే తప్పు ఎదురవుతుంది.

ఉద్దేశానికి సంబంధించిన విషయాల్లోనూ మాటే సురక్షితమైనది. 1984లో ఐబీఎం తెచ్చిన ఈజీఏ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ పద్ధతిలో తెర మీద ఒకేసారి 16 రంగులే కనిపించేవి. 1987లో వచ్చిన వీజీఏ 320×200 తెర మీద ఆ సంఖ్యను 256కు పెంచింది. ఆ కాలపు గేముల మీద అభిమానంతో నేటికీ 16 రంగులతోనే బొమ్మ వేసేవారున్నారు. వారితో “రంగులు తక్కువయ్యాయి” అనడం వారి సంకల్పాన్నే తప్పుపట్టడం అవుతుంది. కావాలని చేసినదేది, చేతకాక జరిగినదేది అన్నది అడిగి తెలుసుకోవడానికి మాట తప్ప వేరే సాధనం లేదు.

అయితే మాటలు చేతులెత్తేసే చోటు కూడా ఉంది, అది పర్‌స్పెక్టివ్, అంటే దూరాన్ని బట్టి వస్తువుల కొలతలు చిన్నవయ్యే తీరు. గోల్కొండ మెట్ల దారి బొమ్మలో కింది మెట్టు మీద నిలబడిన పాత్ర సరైన ఎత్తులో ఉండి, పక్కనే ఉన్న ద్వారం పాత్ర నడుము వరకే వచ్చిందనుకుందాం. “ద్వారం కొలత కుదరలేదు, దిగంత రేఖ పైకి జరగాలి, ఎడమ గోడ గీతలు వేరే బిందువు వైపు పోతున్నాయి” అని పది వాక్యాలు రాసినా, చదివేవారికి అందులో సగం కూడా బోధపడదు. అదే బొమ్మ మీద ఎర్రటి గీతలు నాలుగు గీసి, దిగంత రేఖ (చూసేవారి కంటి ఎత్తును తెలిపే గీత) ఎక్కడుందో చూపి, ఒకే ఎత్తున్న మనుషులను దగ్గర ఒకరిని, మధ్యలో ఒకరిని, దూరంగా ఒకరిని నిలబెడితే సంగతి క్షణంలో అర్థమవుతుంది. సమతలమైన నేల మీద ఒకే ఎత్తున్నవారు ఎంత దూరాన నిలబడినా దిగంత రేఖ వారి శరీరాన్ని ఒకే చోట తాకుతుంది; దగ్గరి మనిషికి భుజాల దగ్గర తాకితే దూరపు మనిషికీ భుజాల దగ్గరే తాకాలి. ఈ సూత్రాన్ని వాక్యంగా చదివి మరచిపోయినవారు సైతం, తమ బొమ్మ మీదే గీతగా చూశాక మరచిపోరు. గేమ్‌లో దీనికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది: పాత్ర లోపలికి నడిచే కొద్దీ ఎంత చిన్నది కావాలో ఇంజిన్‌కు (గేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు) కొలత ఇవ్వాలి కదా, ఆ కొలత ఈ గీతల నుంచే వస్తుంది.

ఇంత మేలున్న పెయింట్‌ఓవర్‌ను నేను రెండవ స్థానంలో ఉంచడానికి కారణం, అది గీతల దగ్గర ఆగకపోవడమే. చేయి తిరిగిన చిత్రకారుడు కూర్చున్నాడంటే గీత దిద్ది ఊరుకోడు. రంగు మారుస్తాడు, మబ్బులు వేస్తాడు, మూలన ఒక వేపచెట్టు కూడా నాటుతాడు. గంట తరువాత పంపిన బొమ్మ అద్భుతంగానే ఉంటుంది, కాని అది దిద్దినవారి బొమ్మ. అందుకున్న తమ్ముడు దానిని తన గేమ్‌లో పెట్టుకుంటే మిగిలిన గదులన్నీ దాని పక్కన వెలవెలబోతాయి, పెట్టుకోకపోతే తన బొమ్మను చూసినప్పుడల్లా చిన్నబుచ్చుకుంటాడు. ఉదారంగా కనిపించే ఈ సాయం వల్ల పని మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఘాటైన మాట వల్ల కలిగే ప్రమాదం కన్నా ఎక్కువని నా అభిప్రాయం. అడగకుండా దిద్దడమైతే మరీ తగదు.

పిక్సెల్ బొమ్మల (తెర మీది చుక్కలను ఒక్కొక్కటిగా పేర్చి వేసేవాటి) విషయంలో సాంకేతికమైన చిక్కు కూడా ఒకటుంది. 320×200 బొమ్మలో మొత్తం 64,000 పిక్సెళ్లే ఉంటాయి. పాత్ర ముఖం కొన్ని పిక్సెళ్లలోనే ఇమిడిపోతుంది, ఒక చుక్క పక్కకు జరిగితే చూపే మారిపోతుంది. మెత్తటి అంచుల బ్రష్‌తో దాని మీద దిద్దితే 16 రంగుల బొమ్మలోకి పాలెట్‌లో (ఎంచుకున్న రంగుల పట్టీలో) లేని మధ్య రంగులు వందల కొద్దీ చొరబడతాయి, ఆ దిద్దుబాటును ఉన్నదున్నట్లు తిరిగి వేసుకోవడం కుదరదు. దిద్దేవారు అదే పాలెట్‌తో, ఒక్క పిక్సెల్ పెన్సిల్‌తో పని చేయాలి. ఇక వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మ కుదింపుకు గురై అంచులు చెదిరిపోతాయి కాబట్టి, పీఎన్‌జీ ఫైలును డాక్యుమెంట్‌గా పంపమని అడగడం విమర్శకుడి మొదటి బాధ్యత. లేకపోతే చిత్రకారుడు చేయని తప్పుకు అతనికి చీవాట్లు పడతాయి.

పక్కన కూర్చుని గమనించే పద్ధతి గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు, కాని ఒక రకమైన లోపం దాని ముందు తప్ప బయటపడదు. గోల్కొండ కోట ప్రవేశం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే ఆ ధ్వని కొండ పైనున్న బాలా హిస్సార్ మండపం దాకా వినిపిస్తుందన్నది నగరంలో అందరికీ తెలిసినదే. దానిని పజిల్‌గా మలిచే గేమ్‌లో ఆటగాడు గుమ్మటం కింది చోటును కనిపెట్టి నొక్కాలి. బొమ్మను ఆగి ఉన్న చిత్రంగా చూసే విమర్శకుడు గుమ్మటం నగిషీని మెచ్చుకుంటాడు. ఆడే మనిషి మాత్రం పక్కనున్న ప్రకాశవంతమైన దీపాన్నే పదేపదే నొక్కుతూ ఉంటాడు, ఎందుకంటే బొమ్మలో అన్నిటికన్నా ఎక్కువ వెలుగు అక్కడే ఉంది. ఇలాంటి చోట వెలుగును గుమ్మటం కిందికి జరపమని చెప్పడానికి ఏ చిత్రకళా శాస్త్రమూ అవసరం లేదు. ఆడటానికి ఇంకా సిద్ధం కాకపోతే, బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి, కళ్లు సగం మూసి చూస్తే, చూపు మొదట ఎక్కడికి పోతుందో కొంతవరకు తెలుస్తుంది.

కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలకు నా ఓటు మాటకే: గేమ్ ఆడదగిన స్థితిలో ఉంటే ముందు ఆడించి చూసి, ఆ తరువాత రెండు మూడు లోపాలకు మించకుండా రాసి, వాటిలో ఏదైనా కొలతకు సంబంధించినదైతే అనుమతి అడిగి దానికి మాత్రమే గీతలు గీసి పంపడం ఉత్తమం. ఇరవై లోపాలు కనిపించినా ఇరవై రాయకూడదు. నడిచే నేలకు అడ్డుపడేవి ముందు, అందానికి సంబంధించినవి తరువాత. “బాగుంది” అనదలిస్తే ఏది బాగుందో కూడా చెప్పాలి, ఎందుకంటే దిద్దుకునేటప్పుడు దేనిని కదపకూడదో చిత్రకారుడికి తెలియాలి. స్కెచ్ దశలో ఎంత పెద్ద మార్పైనా చెప్పవచ్చు. రంగులన్నీ వేసి, హాట్‌స్పాట్లన్నీ (నొక్కదగిన చోట్లన్నీ) గుర్తించాక దిగంత రేఖ తప్పిందని చెప్పడం కన్నా, ఆ గదిని అలాగే వదిలి తరువాతి గది స్కెచ్‌ను ముందుగా చూపమని కోరడం న్యాయం.

నడిచే పాత్ర బొమ్మలకు మాత్రం ఈ వరుస తారుమారవుతుంది. ఎనిమిది ఫ్రేముల నడకలో పాత్ర జారుతున్నట్లు కనిపిస్తుంటే, నేల మీద ఆనిన పాదం ఒక్కో ఫ్రేమ్‌కు ఎన్ని పిక్సెళ్లు వెనక్కి పోతోందో, పాత్ర తెర మీద ఎన్ని పిక్సెళ్లు ముందుకు పోతోందో ఆ రెండూ సరిపోవాలని రాయవచ్చు, రాసినా చదివినవారు తల గోక్కుంటారు. పాదం దగ్గర ఒక చుక్క పెట్టి, ఎనిమిది ఫ్రేములనూ ఒకదాని మీద ఒకటి పలుచగా పరచి చూపితే, తేడా ఎన్నవ ఫ్రేమ్‌లో వచ్చిందో వేసినవారే వేలు పెట్టి చూపిస్తారు.