తల్లి కుందేళ్లకు సుబాబులా, మల్బరీనా?

దాణా రేటు పెరిగినప్పుడల్లా కుందేళ్లు పెంచేవాళ్లు అడిగేది ఇదే: సోయా చెక్క కాస్త తగ్గించి ఆకుమేత పెంచుదామనుకుంటున్నాం, ఏ ఆకు మేలు? ప్రకాశం, ఎన్టీఆర్ జిల్లాల వాళ్ల చూపు సుబాబుల్ మీదే. కాగితం మిల్లుల కోసం వేసిన తోటలున్నాయి కాబట్టి రెమ్మలు ఊరికే దొరుకుతాయి. మదనపల్లె, హిందూపురం వైపు పట్టు రైతుల దగ్గర మల్బరీ ఉంటుంది.

మాంసకృత్తుల్లో రెండూ దీటైనవే. ఎండు లెక్కన సుబాబుల్ ఆకులో 20 శాతం పైనే ఉంటాయి. మల్బరీలో ఆకు ముదురును బట్టి 15 నుంచి 25 దాకా. ఈ లెక్క చూసి తేల్చుకుంటే మాత్రం తల్లి కుందేళ్ల విషయంలో దెబ్బతింటాం.

సుబాబుల్‌తో చిక్కంతా ఆకులో ఉండే మైమోసిన్ అనే విష పదార్థం. మేకల పొట్టలో దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉండొచ్చు, కుందేలుకు ఆ వసతి లేదు. మోతాదు మించితే వెంట్రుకలు రాలతాయి, ఎదుగుదల మందగిస్తుంది, చూలు కట్టడంలో తేడాలొస్తాయి. మాంసం పిల్లలైతే మూడు నెలల్లో అమ్ముడుపోతాయి. తల్లి అలా కాదు, ఏళ్ల తరబడి ఉండి ఏటా ఐదారు ఈతలు ఈనాలి. పైగా ఈనే ముందు గూడు కోసం తన బొచ్చు తానే పీక్కుంటుంది కదా, రాలిన వెంట్రుకలు చూసి ఈతకొచ్చిందిలే అనుకుంటాం. విషం లక్షణం అలా కంటి ముందే దాక్కుంటుంది. లేత చిగుళ్లలోనే మైమోసిన్ ఎక్కువ, కుందేళ్లు ఎగబడేదీ వాటికే. ఎండబెడితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. నేనైతే ఎండు ఆకు కూడా మేతలో పదో వంతు దాటనివ్వను, అదీ మాంసం పిల్లలకే.

మల్బరీతో ఈ టెన్షన్ లేదు. ఇష్టంగా తింటాయి, బాగా అరుగుతుంది. పట్టుపురుగు చస్తుందన్న భయంతో పట్టు రైతు మందు కొట్టడంలో జాగ్రత్తగా ఉంటాడు, అది మనకు కలిసొస్తుంది. అయినా కొట్టి ఎన్నాళ్లైందో అడిగే కోయండి. పురుగుల తట్టల్లో మిగిలిన ఆకు మాత్రం వద్దు, అందులో సున్నం, క్రిమిసంహారక పొడి కలిసి ఉంటాయి. పచ్చి ఆకులో దాదాపు ముప్పావు వంతు నీరే. పిల్లలకు పాలిచ్చే తల్లి, ముఖ్యంగా ఈనిన మూడో వారంలో, ఆకుతోనే కడుపు నింపుకుంటే పాలు చాలవు. అప్పుడు దాణా తగ్గించకండి, ఎండుగడ్డి కూడా అందుబాటులో ఉంచండి.

మునగాకు మంచిదే, రోజూ కావలసినంత కోయడమే కష్టం. దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసం) దొరికితే నిశ్చింతగా పెట్టొచ్చు. నీళ్లలో పెరిగే అజొల్లా తోడు మేతగా కొద్దిగా పెడితే సరిపోతుంది.

సుబాబుల్ ప్రాంతం వాళ్లు కూడా షెడ్డు పక్కన బోరు నీళ్లు పారే చోట నాలుగు వరసలు వి-1 రకం మల్బరీ కొమ్మలు పాతుకోవచ్చు. నాటిన మొదటి ఏడాది తొందరపడి నరక్కుండా వేరు పట్టనిస్తే, తర్వాత ఏటా నాలుగైదు కోతలు వస్తాయి.