సెరెంగెటీయా, క్రూగరా?

మొదటిసారి సఫారీకి వెళ్లేవారికి నేను క్రూగర్‌నే చెబుతాను. దక్షిణాఫ్రికాలోని ఈ పార్కులో తారు రోడ్లున్నాయి. కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకోవచ్చు, అదీ మనకు అలవాటైన ఎడమ పక్కనే. గంటకు 50 కిలోమీటర్లు మించకూడదు. నిజానికి 30 దాటితే పొదల్లో ఏదీ కనిపించదు. పార్కులోని స్కుకూజా క్యాంపు నుంచి లోయర్ సాబీ క్యాంపు దాకా నది వెంట సాగే దారిలో తెల్లవారగానే బయలుదేరండి. ఏనుగుల గుంపు రోడ్డు దాటుతుంటే ఇంజన్ ఆపి ఎదురుచూడటంలో ఉన్న సుఖం ఏ గైడూ ఇవ్వలేడు. మే నుంచి సెప్టెంబరు వరకు వానలుండవు, గడ్డి పలచబడుతుంది, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి. ఉదయం చలి మాత్రం గట్టిగానే ఉంటుంది, స్వెట్టర్ మరవకండి. సాయంత్రం గేట్లు మూసేలోపు క్యాంపు చేరకపోతే జరిమానా తప్పదు.

టాంజానియాలోని సెరెంగెటీ లెక్క వేరు. అక్కడికి ఎక్కువమంది అరూషా పట్టణం నుంచి డ్రైవర్-గైడ్‌తో, పైకప్పు లేచే జీపులో వెళతారు. ఖర్చు బాగా ఎక్కువ, మట్టిదారుల్లో నడుము విరుగుతుంది. కానీ లక్షల వైల్డ్‌బీస్ట్‌ల (ఆవులా కనిపించే పెద్ద జింకల) వలస క్రూగర్‌లో దొరకదు. ఫిబ్రవరిలో దక్షిణాన ఈనే కాలం, జూలై తర్వాత ఉత్తరాన మారా నది దాటే కాలం. నెల చూసుకోకుండా టికెట్లు కొంటే ఖాళీ మైదానమే మిగులుతుంది.

రెండుచోట్లా మలేరియా ఉంది, ముందే డాక్టర్‌ను అడగండి. టాంజానియా చూసుకుని దక్షిణాఫ్రికాకు వెళ్లాలనుకుంటే ఎల్లో ఫీవర్ టీకా నిబంధన కూడా చూసుకోండి.