నెల్లూరు నర్సరీలో కొన్న కేప్ గూస్‌బెర్రీ నారు: పెంపకం, వాడకం

నెల్లూరు శివార్లలోని ఒక నర్సరీ నుంచి కేప్ గూస్‌బెర్రీ నారు తెచ్చి, పొదలకూరు వైపు ఉన్న మా నిమ్మతోట గట్టు వెంబడి నాటాను. ఉత్తరాదిన రసభరి పేరుతో అమ్మే పండు ఇదే. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం దీని స్వస్థలమైనా, ఇది టమాట, వంగ, మిరపల కుటుంబానిదే కనుక మన రైతులకు దీని సాగు కష్టమనిపించదు.

నారు విషయంలో నర్సరీని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ప్రోట్రేలలో, అంటే చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలలో పెంచిన మొక్కలు బలమైన వేళ్లతో, తెగులు మచ్చ లేకుండా ఉన్నాయి. నాటినవి దాదాపు అన్నీ నిలిచాయి. అయితే ఏ నెలలోనైనా నాటవచ్చని అక్కడివారు చెప్పే మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఎండ ముదిరితే పూత రాలిపోయే మొక్క ఇది. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు దంచి కొడతాయి, నీరు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. అందువల్ల వానలకు ముందే ఎత్తైన మడులు కట్టి నాటుకొని, వేసవి ముదరకముందే కాపు తీసుకోవడం మంచిది. ఎరువు అతిగా వేస్తే ఆకు గుబురుగా పెరిగి కాయ తగ్గుతుంది. వంగ, టమాట వేసిన మడిలో వెంటనే దీన్ని వేయకూడదు, ఎందుకంటే వాటి పురుగులూ తెగుళ్లూ దీనికీ వస్తాయి.

పండు చుట్టూ కాగితంలాంటి పల్చని తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఎండుగడ్డి రంగుకు మారి, లోపలి పండు ముదురు పసుపు రంగుకు వచ్చాకే తినాలి. పచ్చికాయలోనూ ఆకులోనూ విషపదార్థాలుంటాయి కనుక పిల్లలున్న ఇళ్లలో ఈ జాగ్రత్త తప్పనిసరి. అమ్మేచోట ఈ హెచ్చరిక ఒక్క ముక్క కూడా చెప్పకపోవడం నాకు నచ్చలేదు.

ఇక రుచి సంగతి. తీపి ముందుగా తగిలి, వెనుక నుంచి సన్నని పులుపు వస్తుంది. ఆ పులుపే దీనిని వంటకు పనికివచ్చేలా చేస్తుంది. పచ్చిమిర్చితో కలిపి నూనెలో మగ్గించి, కచ్చాపచ్చాగా నూరి, ఆవాలు, ఇంగువ తాలింపు పెడితే దోసెలోకి అద్భుతమైన పచ్చడి అవుతుంది, చింతపండు అవసరమే లేదు. పండ్లలో ఉండే జిగురు పదార్థమైన పెక్టిన్ దీనిలో సహజంగానే ఎక్కువ కనుక బెల్లంతో ఉడికిస్తే జామ్ తేలికగా గట్టిపడుతుంది. తొడుగు తీయకుండా చల్లని, పొడి చోట ఉంచితే పండ్లు వారాల తరబడి చెడిపోవు. మా ఇంటిలో మాత్రం అంతకాలం మిగలవు.

ఒక్కో మొక్క ధర వంగ నారుతో పోలిస్తే బాగా ఎక్కువే. అయినా కొనమనే చెబుతాను, ఎందుకంటే బాగా పండిన పండును నలిపి, గింజలను కడిగి, నీడన ఆరబెట్టి దాచుకుంటే మరుసటి ఏటికి నారు మనమే పోసుకోవచ్చు.